మేలు పేరుతో వచ్చే పెట్టుబడి

‘ఇంపాక్ట్ ఇన్వెస్ట్‌మెంట్’ అని కొత్త మాట తెచ్చారు. సన్నకారు రైతుకు మేలు చేస్తారట, లాభమూ తీసుకుంటారట. మనకిది పాత కథే. అప్పటి మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో సేవా సంస్థగా పుట్టిన ఎస్‌కేఎస్, పూర్తి పేరు స్వయం కృషి సంగం, తర్వాత లాభాల కంపెనీ అయింది. 2010లో షేరు 985 రూపాయల చొప్పున 1,600 కోట్లకు పైగా వచ్చాయి. అమ్మిన షేర్లలో సగానికి పైగా పాత వాటాదారులవే. ఆ సొమ్ము వాళ్లకే పోయింది. అదే అక్టోబరులో సూక్ష్మరుణ కంపెనీల వసూళ్ల ఒత్తిడి ఆపడానికి ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

ఆ రోజుల్లో మా ఊళ్లో ఇంకో కంపెనీ (పేరెందుకు లెండి) వారం వారం వాయిదా వసూలు చేసేది. కంది ఇంకా పూతలోనే ఉంది. మా వదిన మేకను అమ్మి కట్టింది. పంట ఏడాదికి ఒకటి, వాయిదాలేమో యాభై! ఇదేం లెక్క?

డబ్బే వద్దని నేననను. గోదాముకు, విత్తనానికి కావాలి. కానీ పంట పోయిన ఏడు నష్టంలో వాళ్ల వాటా ఎంత? మొత్తం వడ్డీ రూపాయల్లో ఎంత? వాయిదా పంట అమ్మాకేనా? ఇవన్నీ తెలుగులో రాసివ్వందే మన ఎఫ్‌పీవో డైరెక్టర్లు ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టొద్దు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం నేనే పెడతాను.