ఇంటి ముచ్చట్లు: డబ్బా మనదే... తాళంచెవి ఎవరిది?

కుక్కర్లో కందిపప్పు పెట్టి, నాలుగు విజిళ్ళు వచ్చేలోగా ఈ ముచ్చట మొదలుపెట్టాను. పప్పు తాండూరుదేనండోయ్! 2022లో మా తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని మీకు తెలిసే ఉంటుంది. మా చెల్లెలు అక్కడే ఉంటుంది. రైలెక్కితే వికారాబాద్ నుంచి ఎంతోసేపు పట్టదు. అది వచ్చినప్పుడల్లా నాకు పప్పు తెస్తుంది, నేను దానికి పచ్చడి సీసా ఇచ్చి పంపిస్తాను. మొన్న దసరా సెలవుల్లో మాత్రం పప్పుతోపాటు ఒక తగువు కూడా తెచ్చింది. ఆ తగువులో తప్పు మా ఇంటివైపే ఉంది కాబట్టి, దాచుకోకుండా మీకు చెప్పేస్తున్నాను.

చెల్లెలి మగడు నాపరాళ్ళ పాలిషింగు దగ్గర పనిచేస్తాడు. చెల్లెలు ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కొడుకు తొమ్మిదో తరగతి. వాడికి చదువుకోవడానికి ఒక పాత కంప్యూటరు కొన్నారు. ఇక చూడండి, "పెద్దమ్మా, నాకో ఫుట్‌బాల్ ఆట కావాలి" అని ఒకటే గోల. కొత్తది కొనాలంటే మూడు వేల పైమాట. మావాడు, అంటే నా కొడుకు, డిగ్రీ చదువుతున్నాడు. ఇలాంటివన్నీ తనకు తెలుసని వాడి ధీమా. "చిన్నమ్మా, వాడిన ఆట అయితే సగానికే వస్తుంది, హైదరాబాద్‌లో నా దోస్తుకు తెలిసినాయన అమ్ముతున్నాడు" అన్నాడు. చెల్లెలు బియ్యం డబ్బాలోంచి పదిహేను వందలు తీసి ఇచ్చింది. అంటే పది జాకెట్ల కుట్టుకూలి అన్నమాట.

డబ్బా వచ్చింది. పైన బొమ్మ ధగధగా మెరిసిపోతోంది. మావాడు డబ్బా చూశాడు గానీ లోపల చూడలేదు. తాండూరు వెళ్ళాక పిల్లవాడు విప్పి చూస్తే, డిస్కు ఉండాల్సిన చోట ఒక కాగితం ముక్క! దాని మీద అంకెలూ అక్షరాలూ కలిపి ఒక కోడు. అది కంప్యూటరులో కొడితే "ఈ కోడు ఇదివరకే వాడేశారు" అని వచ్చిందట.

చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, గిదేంది? డబ్బాల ఏమీ లేదు! ఖాళీ డబ్బాకు పదిహేను వందలా?" అంది. అరిచినా బాగుండేది. మెల్లగా అంది. నాకైతే తల కొట్టేసినట్టయింది. అమ్మినాయనకు చేస్తే ఫోను ఎత్తడు. పిల్లవాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదట. మా మరిది "మీ అక్క కొడుకుకు గీ మాత్రం తెల్వదా?" అన్నాడట. ఆ మాట నాదాకా రానే వచ్చింది.

అప్పుడు మావాణ్ణి కూర్చోబెట్టి, అసలు సంగతేమిటో నాకు అర్థమయ్యేట్టు చెప్పమన్నాను. వాడు చెప్పినదీ, తర్వాత నేను అడిగి తెలుసుకున్నదీ కలిపి మీ ముందు పెడుతున్నాను. ఇది మా ఒక్క ఇంటి కథ కాదండీ. దీని వెనకాల పెద్ద పెద్ద కంపెనీల కథ ఉంది.

వెనకటికి వీడియో గేము అంటే ఒక డిస్కు. కొన్నవాడు ఆడి ఆడి విసుగెత్తాక ఇంకొకడికి అమ్మేవాడు. అమెరికాలో గేమ్‌స్టాప్ లాంటి దుకాణాలకు ఈ పాత ఆటల బేరమే పెద్ద ఆదాయంగా ఉండేది. ఇది ఆటలు తయారుచేసే కంపెనీలకు కంటగింపు అయింది. ఒకే డిస్కు నలుగురి చేతులు మారితే, తమకు వచ్చేది మొదటివాడి డబ్బు మాత్రమే కదా!

అందుకని 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే కంపెనీ "ఆన్‌లైన్ పాస్" అని ఒకటి పెట్టింది. మొదట టైగర్ వుడ్స్ గోల్ఫ్ ఆటకు, తర్వాత తమ ఇతర క్రీడల ఆటలకు. కొత్త డబ్బాలో ఒక కోడు ఉంటుంది. అది ఒక్కసారే పనిచేస్తుంది. పాత డిస్కు కొన్నవాడు ఇంట్లో ఒంటరిగా ఆడుకోవచ్చు గానీ, ఇంటర్నెట్ మీద వేరేవాళ్ళతో ఆడాలంటే ఇంకో పది డాలర్లు కట్టాలి. అప్పటి లెక్కలో మన నాలుగు వందల యాభై రూపాయల చిల్లర. ఆ తర్వాత టీహెచ్‌క్యూ వాళ్ళు కుస్తీల ఆటకు, 2011లో యూబీసాఫ్ట్ వాళ్ళు, సోనీ వాళ్ళు కూడా ఇదే దారి పట్టారు. 2011లోనే వచ్చిన బ్యాట్‌మ్యాన్ ఆటలో అయితే క్యాట్‌వుమన్ అనే ఆడమనిషి కథ మొత్తానికి తాళం వేశారు. కొత్తది కొన్నవాళ్ళకు కోడుతో తెరుచుకుంటుంది, పాతది కొన్నవాళ్ళు పది డాలర్లు కడితేనే ఆవిడ కనిపిస్తుంది. డిస్కు కొన్నాక కూడా సగం గదికి వేరే అద్దె అన్నట్టు లేదూ?

న్యాయంగా వాళ్ళ మాట కూడా విందాం. ఒక ఆట తయారుచేయాలంటే వందలమంది ఏళ్ళ తరబడి పనిచేస్తారు. ఇంటర్నెట్ మీద ఆడించాలంటే రాత్రింబవళ్ళు కంప్యూటర్లు నడుస్తూ ఉండాలి. దానికి కరెంటు, మనుషులు, ఖర్చు. పాతది కొన్నవాడు దుకాణానికి డబ్బిస్తాడు, మాకేమీ ఇవ్వడు, మా సేవ మాత్రం వాడుకుంటాడు అని వాళ్ళ వాదన. ఇది విని నేను కాసేపు తటపటాయించానండీ. కష్టపడ్డవాడి కూలి ఎగ్గొట్టమని మనం ఎవరం అంటాం చెప్పండి?

కానీ ఆ రోజు చెల్లెలి కుట్టుమిషను నాకు గుర్తొచ్చింది. అది పన్నెండేళ్ళ క్రితం ఇంకొకావిడ దగ్గర కొన్నది. ఇన్నేళ్ళుగా కుడుతూనే ఉంది. మిషను కంపెనీవాడు వచ్చి "అమ్మా, ఇది మీరు కొత్తగా కొనలేదు, బాబిన్ తిరగాలంటే నాకు వేరే కట్టాలి" అన్నాడా? అనలేదు. మొదటావిడ కుట్టడం మానేసింది, మా చెల్లెలు మొదలుపెట్టింది. మిషను ఒకటే, కుట్టే మనిషీ ఒకటే. ఆటకూ అంతే కదా? డిస్కు అమ్మేసినవాడు ఇక ఆడడు. వాడి జాగాలోకి ఇంకొకడు వచ్చాడు. కొత్తగా పెరిగిన బరువేముంది?

ఈ మాటే నేను మావాడితో అంటే, వాడు "బస్సులో అట్లనే ఒకాయన దిగితే ఇంకొకాయన ఎక్కుతాడు, ఆయన కూడా టికెట్ కొనాల్సిందే కదమ్మా?" అన్నాడు. తెలివిమంతుడే! "2023 డిసెంబరు నుంచి మన తెలంగాణలో ఆడవాళ్ళకు చాలా ఆర్టీసీ బస్సుల్లో టికెట్ డబ్బే లేదు, ఆ ఉపమానం నా దగ్గర చెల్లదు" అని నవ్వేశాను గానీ, మాట మాత్రం నన్ను పట్టుకుంది.

రెండు రోజులు పనిచేసుకుంటూ ఆలోచిస్తే నాకు తట్టింది ఇది. మిషను అయితే అమ్ముతారు, బస్సు అయితే ఎక్కించుకుంటారు. రెండూ తప్పు కాదు. కానీ అమ్మేటప్పుడు మిషను అని చెప్పి పూర్తి ధర తీసుకోవడం, అమ్మేశాక ఇది బస్సు, మళ్ళీ టికెట్ కొనండి అనడం, ఇదీ తప్పు. బస్సువాడు ఎక్కేముందే చెబుతాడు, ఇది నీది కాదు, దిగిపోవాలి అని. పైగా ఆ పిల్లలు పాత ఆట అమ్మగా వచ్చిన డబ్బు ఏం చేస్తారు? చాలామంది మళ్ళీ కొత్త ఆటే కొంటారు. మనం పాత స్టీలు సామాను వేసి కొత్తది తెచ్చుకోమూ?

ఆడేవాళ్ళు కూడా ఊరుకోలేదు. 2013 మే నెలలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆ పాస్ పద్ధతి ఎత్తేసింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ కంపెనీ ఎక్స్‌బాక్స్ వన్ అనే కొత్త పెట్టె తెస్తూ, పాత ఆటలు చేతులు మారడం మీద షరతులు పెడతామని జూన్ మొదటివారంలో ప్రకటించింది. జనం మండిపడ్డారు. రెండు వారాలు తిరక్కుండానే, జూన్ 19న ఆ షరతులు వెనక్కి తీసుకుంది. ఇంత పెద్ద కంపెనీ కూడా కొనేవాళ్ళు గట్టిగా అంటే వింటుందన్నమాట.

మరి కథ సుఖాంతమేనా అంటే, కాదండీ. తలుపు మూస్తే కిటికీలోంచి వచ్చింది. ఇప్పుడు డిస్కే మాయమవుతోంది. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో ఒక రకానికి, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కు డిస్కు పెట్టే సందే లేదు. ఆట నేరుగా ఇంటర్నెట్ నుంచి దిగుతుంది, కొన్నవాడి ఖాతాకు ముడిపడిపోతుంది. పాతది అమ్ముకునే మాటే లేదు. ఇక డబ్బాలో కోడు కాగితం మాత్రమే పెట్టి అమ్మేవీ ఉన్నాయి. మా చెల్లెలికి తగిలింది అదే. 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2కు కొన్ని ఆటలు కార్డు రూపంలో వస్తాయి గానీ, ఆ కార్డులో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆట దించుకోవాలి. ఆ కార్డును మాత్రం ఇంకొకరికి ఇవ్వచ్చు, అంతవరకు నయం.

ఈ తగవు ఆటలతో పుట్టింది కాదు. అమెరికాలో ఒక పుస్తకాల కంపెనీ, మా నవలను ఒక డాలరు కంటే తక్కువకు అమ్మకూడదు అని పుస్తకంలోనే అచ్చు వేసింది. 1908లో అక్కడి సుప్రీంకోర్టు, ఒకసారి అమ్మేశాక ఆ ప్రతి మీద నీ పెత్తనం చెల్లదు అని తేల్చింది. మన 1957 కాపీరైట్ చట్టం కూడా, బజారులోకి వచ్చేసిన పుస్తకం ప్రతి మళ్ళీ చేతులు మారితే అడ్డుపడదు. అందుకే కోఠిలో పాత పుస్తకాల దుకాణాలు, ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల సంత నడుస్తున్నాయి. మనలో ఎంతమందిమి ఒకరు చదివిన పుస్తకాలతో ఇంటర్ గట్టెక్కలేదు? నేనూ అంతే. నా ఇంటర్ పుస్తకాలు మా చెల్లెలూ చదివింది. వాటిలో కోడు పెట్టి ఉంటే దాని చదువు ఏమయ్యేదో!

కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి నుంచి ఒక చట్టం అమలులోకి వచ్చింది. ఇంటర్నెట్ మీద ఆటలూ సినిమాలూ అమ్మేవాళ్ళు, ఇచ్చేది వాడుకునే అనుమతి మాత్రమే అయితే, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అని రాయకూడదు. ఇంతేనండీ నేనడిగేది కూడా. అమ్ముతున్నారో, అద్దెకిస్తున్నారో ముందే చెప్పండి, మా డబ్బు మేం లెక్క చూసుకుంటాం.

సరే, మీ ఇంట్లో కూడా పిల్లలు ఇలాంటిది అడిగితే, నా అనుభవం మీకు పనికిరావాలి కదా. ఈ అయిదు మాటలు గుర్తుంచుకోండి:

1. డబ్బా విప్పి చూడండి. లోపల డిస్కో, కార్డో, కాగితమో చూశాకే డబ్బివ్వండి.

2. కాగితం మీద కోడు మాత్రమే ఉండి, గీకేసి ఉంటే వద్దనండి. అది చిరిగిన టికెట్టే.

3. పాత డిస్కు అయితే మీ పిల్లవాడి పెట్టెకు సరిపోతుందో లేదో, డిస్కు సందు లేని రకమేమో ముందు చూసుకోండి. ఇంటర్నెట్ మీద ఆడటానికి నెలనెలా చందా కట్టాలేమో కూడా అడగండి.

4. "నా ఖాతా మొత్తం ఇచ్చేస్తాను, అందులో ఇరవై ఆటలున్నాయి" అని ఎవరైనా అంటే నమ్మకండి. రేపు వాడే దాన్ని వెనక్కి లాక్కోవచ్చు.

5. దుకాణంలో కొంటే బిల్లు తప్పకుండా తీసుకోండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. ముక్కూమొహం తెలియనివాళ్ళ దగ్గర బిల్లు లేకుండా కొంటే, మాలాగా ఫోను ఎత్తని నంబరు చూస్తూ కూర్చోవాల్సిందే.

ఇంతకీ మా తగువు ఏమైందంటారా? మావాడు తన జేబుఖర్చులోంచి రెండు నెలలు మిగిల్చి, పదిహేను వందలూ చిన్నమ్మకు తనే తీసుకెళ్ళి ఇచ్చాడు. నేను ఇస్తానన్నా ఒప్పుకోలేదు. "చూసుకోకుండా కొన్నది నేను కదమ్మా" అన్నాడు. చెల్లెలు తీసుకోనంది. మరిదే "తీస్కో, పిల్లగాడు నేర్చుకుంటడు" అని ఇప్పించాడట. వస్తూ వస్తూ మావాడు తమ్ముడితో ఒక పూటంతా నిజం ఫుట్‌బాలే ఆడి వచ్చాడు. మోకాలు చెక్కుకుపోయింది గానీ మొహం వెలిగిపోతోంది.

పోయిన ఆదివారం నేను తాండూరు వెళ్ళాను. మిషను పక్కన ఆ ధగధగలాడే డబ్బా కనిపించింది. "ఇంకా ఎందుకుంచావే?" అంటే చెల్లెలు మూత తీసి చూపించింది. లోపల రంగురంగుల దారాలతో బాబిన్లు, పొందికగా వరస పెట్టి ఉన్నాయి. "గిప్పుడు డబ్బాల ఏదో ఒకటున్నది కదక్కా" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

నాలుగో విజిల్ ఎప్పుడో అయిపోయింది, పప్పుకు పోపు పెట్టాలి. వెల్లుల్లి కొంచెం ఎక్కువే వేస్తాను, తాండూరు పప్పుకు అదే అందం. ఉంటానండీ మరి!