పంటివైద్యానికో చిట్టా, ఓ ఆవర్జా

పళ్ళ డాక్టర్లు లెక్కలు వ్రాయడమంటే ఆడిటరు గారి కోసం మార్చి నెలలో జరిపే క్రతువని చాలామంది భావన. నా దృష్టిలో ఆ లెక్క మొదట రోగి కోసం, తరువాత వైద్యుని కోసం, చిట్టచివరన మాత్రమే పన్ను కోసం.

జలుబుకు మందు వ్రాసే వైద్యుని లెక్క ఆ పూటకే తెగిపోతుంది. పంటివైద్యం అలా తెగేది కాదు. రూట్ కెనాల్‌కు రెండు మూడు సార్లు రావాలి. క్లిప్పులు ఏడాదిన్నర, రెండేళ్ళు ఉంటాయి. ఫీజు వాయిదాలలో ముడుతుంది. ఒక క్యాపుకు 6000 రూపాయలు ఒప్పుకొని రోగి 2000 అడ్వాన్సు ఇచ్చాడనీ, ల్యాబుకు నెలాఖరున 1500 చెల్లించాలనీ అనుకుందాం. సాయంత్రం సొరుగులోని 2000 రాబడిగానే తోస్తుంది. నిజానికి క్యాపు బిగించేదాకా అది రోగికి వైద్యుడు పడిన బాకీ. దానితో ఇంటి సరుకులు కొంటే, ల్యాబుకు మరో రోగి అడ్వాన్సులోంచి ఇవ్వవలసి వస్తుంది. క్లినిక్కు కళకళలాడుతూనే ఉంటుంది, చేతిలో మాత్రం డబ్బు ఆడదు.

మన పెద్దల చిట్టా, ఆవర్జాలే దీనికి చాలు. చిట్టాలో ఏ రోజు జమాఖర్చులు ఆ రోజే, జరిగిన వరుసలో. ఆవర్జాలో ప్రతి రోగికీ ఒక పుట: చేసిన పని, ఒప్పుకున్న ఫీజు, ముట్టినది, మిగిలినది. ల్యాబుకు ఒక పుట, సొంతవాడకాలకు ఒక పుట. కుర్చీ, ఎక్స్‌రే యంత్రం కొన్న సొమ్ము ఆ నెల ఖర్చు కాదు, అది ఆస్తి. ఏటేటా తరుగుదల వ్రాసుకోవాలి.

1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనలు వైద్యులకు విధించిన 3సి రిజిస్టరులో, అందిన ఫీజుతో పాటు అది అందిన తేదీకి వేరుగా ఒక గడి ఉండేది. పని జరిగిన రోజూ పైకం ముట్టిన రోజూ ఒకటి కానక్కరలేదని ఆ నమూనా వ్రాసినవారికి తెలుసు.

2016 ఆర్థిక చట్టం వచ్చాక, రాబడి 50 లక్షలు దాటని వైద్యులు అందులో సగాన్ని లాభంగా చూపి పుస్తకాల బాధ్యత తప్పించుకునే వీలు కలిగింది గదా అనవచ్చు. ఆ వెసులుబాటు సర్కారుకు కట్టే పన్ను విషయంలోనే. రోగికి ఉన్న బాకీకి వర్తించదు.

ఆరు నెలల తరువాత “ఇచ్చాను” అని రోగి, “ముట్టలేదు” అని వైద్యుడు అన్నప్పుడు ఇద్దరూ నిజాయితీపరులే కావచ్చు. రశీదు లేని చోట నెగ్గేది మాత్రం కుర్చీ పక్కన నిలబడ్డవాని మాటే; నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్నవానిది కాదు. ఒక కార్బను కాగితం ఖరీదు అంతకంటే ఎక్కువా?