గోటిమీది మచ్చ

గూఢచారి కథ యనగానే తుపాకులు, మారువేషములు మనకు జ్ఞప్తికి వచ్చును. 1966లో కృష్ణ నటించిన ‘గూఢచారి 116’, 1968లో రాజ్‌కుమార్ నటించిన ‘జేడర బలె’ ఆ కోవలోనివే. బెంగుళూరు తెలుగువారికి రెండును సొంత చిత్రములే. అదే కాలమున, 1967 సెప్టెంబరు నుండి 1968 ఫిబ్రవరి వరకు, బ్రిటిష్ టెలివిజనులో ప్రసారమైన ‘ది ప్రిజనర్’ అను 17 భాగముల ధారావాహిక మాత్రము వేరు త్రోవ త్రొక్కినది.

అందు కథానాయకుడు రాజీనామా యిచ్చిన గూఢచారి. అతనిని అపహరించి, ఒక గ్రామమున బంధించి, పేరు తీసివేసి, ‘ఆరవ నంబరు’ అని పిలుతురు. పాట్రిక్ మెక్‌గూహన్ ఆ పాత్ర ధరించెను. ‘ది స్కిజాయిడ్ మ్యాన్’ అను భాగమున అధికారులు అతనిని నిద్రలో నుంచి అలవాట్లు మార్చివేయుదురు. కుడిచేతివాటమువాడు ఎడమచేతివాటమువాడగును, రుచులును మారును. నీవు పండ్రెండవ నంబరువని నమ్మబలికి, అతని రూపముననే మరియొకనిని ‘అసలు ఆరవ నంబరు’గా ఎదుట నిలుపుదురు. తుదకు అతనిని కాపాడినది గోటిక్రింద కమిలిన చిన్న మచ్చ. గోరు పెరిగినకొలది అది పైకి జరిగినది. తనకు తెలియకుండ ఎన్నో దినములు గడచినవని గ్రహించి, అతడు కుడిచేతివాటమును తిరిగి సాధించుకొనెను.

మన సంగతి చూడుడు. మనలను ఎవరును బంధింపలేదు. ఈ నేల మనకు అన్నము పెట్టినది. కన్నడము మన ఊరి భాష. దానిని ప్రేమించుట మన ధర్మము. ఐనను మూడు తరములలో మన చేతివాటము మారినది. తాత తెలుగున ఉత్తరము వ్రాసెను. తండ్రి దానిని చదువగలిగెను. మనుమడు తెలుగు మాటలాడును గాని అక్షరము నెరుగడు. ఇందుకు కన్నడమును నిందించుట అన్యాయము. నిద్రపోయినవారము మనమే.

మాటలాడిన చాలదా, లిపి యేల యని కొందరందురు. లిపి రాని బిడ్డకు తాతగారి ఉత్తరము మూగది. పెట్టెలోని శతకము వట్టి కాగితము. పిల్లలకు ఇప్పటికే భారము హెచ్చు గదా యని మరికొందరందురు. ఈ మాట ఇతర నగరములలో చెల్లునేమో గాని ఇచ్చట చెల్లదు. తెలుగు, కన్నడ లిపులు ఒకే ప్రాచీన లిపినుండి పుట్టిన తోబుట్టువులు. బడిలో కన్నడము నేర్చిన బిడ్డకు అక్షరక్రమము, గుణింతము, ఒత్తుల పద్ధతి ముందే తెలియును. తలకట్టును, రూపు మారిన కొన్ని అక్షరములను చూపినచో, కొలది వారములలో చదువుట వచ్చును.

ఆ ధారావాహికను చిత్రించిన పోర్ట్‌మీరియన్ వేల్సు దేశములోనిది. 1967లోనే వచ్చిన వెల్షు భాషా చట్టము అచ్చటి న్యాయస్థానములలో వెల్షు మాటలాడు హక్కును కల్పించినది. చట్టము హక్కునీయగలదు, బిడ్డ చేయి పట్టి అక్షరము దిద్దింపలేదు. అది ఇంటివారి పని.

కావున మడివాళలోని ప్రతి తెలుగింటను ఆదివారమున అరగంట పిల్లలచేత తెలుగు వ్రాయింపవలెనని మా మనవి. మొదట వారి పేరు, పిమ్మట తాతముత్తాతల ఊరిపేరు వ్రాయింపుడు. ఇంటిలో తెలుగు మాట యింకను వినబడుచున్నది. అదియే మన గోటిమీది మచ్చ. గోరు పెరిగి మచ్చ తొలగిపోకమునుపే మేలుకొందము.