తాత పేరు మీదే ఉన్న చేను

చిన్నాయన కర్మ ముగిసి, చుట్టాలు తిరుగు బస్సులకు బయల్దేరుతున్న పొద్దున అవ్వ అటక మీదున్న రేకు పెట్టె దింపించింది. పెట్టెలో వెండి కడియాలు, వేరుశనక్కాయల మండీ చీటీలు, బ్యాంకు పుస్తకం, అన్నిటికీ అడుగున ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పట్టాదారు పాసు పుస్తకం కనిపించాయి. విప్పి చూస్తే ఫొటోలో చిన్నాయన లేడు, వాళ్ల నాయన ఉన్నాడు. మా తాత పోయి ఇరవై రెండేళ్లు. ఆ ఎనిమిదెకరాలు ఇన్నేళ్లూ దున్నింది చిన్నాయనే. బోరు వేయించాడు, ఎండిపోతే అప్పు చేసి ఇంకోటి వేయించాడు. రికార్డులో మాత్రం ఆ చేను మీద ఆయన పేరు ఒక్కరోజు కూడా లేదు.

మా మడకశిరలోనే కాదు, అమరాపురం, అగళి, రొళ్ల, గుడిబండ వైపు ఏ ఊరికెళ్లినా ఇలాంటి పెట్టెలున్న ఇళ్లు కనిపిస్తాయి. మనిషి పోతే దినం చేస్తాం, ఏడు తిరిగితే సంవత్సరీకం పెడతాం. పేరు మార్పించే పని మాత్రం పంట చేతికొచ్చాక చూద్దామని వాయిదా వేస్తాం. ఈ నేల మీద పంట ఎప్పుడు చేతికొస్తుందో మనకు తెలియంది కాదు. ఈలోగా బ్యాంకువాళ్లు పంట రుణానికి వన్‌బీ, అంటే భూమి హక్కుల రికార్డు నకలు, అడుగుతారు, అందులో చనిపోయిన మనిషి పేరుంటుంది. పీఎం కిసాన్ ఏడాదికి ఇచ్చే 6,000 రూపాయలు భూమి ఎవరి పేరున ఉంటే వారికే. ఆ పథకానికి 2019 ఫిబ్రవరి 1 నాటికి పట్టాదారై ఉండాలన్న నియమం ఉన్నా, చావు వల్ల వారసత్వంగా భూమి వచ్చినవారికి అందులో మినహాయింపు ఉంది. వారసుల పేరు ఎక్కించుకుంటేనే ఆ మినహాయింపు పనికొస్తుంది. చిన్నాయన ఎక్కించుకోలేదు.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని లెక్క వేశాం. చేను తాత సొంతంగా కొన్నది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన మగమనిషి స్వార్జితం ఆయన భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లి బతికుంటే తల్లికి సమానంగా చెందుతుంది. అంటే తాత పోయిన రోజే అవ్వకు, నాన్నకు, చిన్నాయనకు, కర్ణాటకలోని శిరాలో ఉన్న మేనత్తకు తలా రెండెకరాలు వచ్చేశాయి. ఇప్పుడు చిన్నాయన రెండెకరాలు చిన్నమ్మకు, ఇద్దరు పిల్లలకు, కొడుకును పోగొట్టుకున్న అవ్వకు తలా అర ఎకరం. అన్నీ కలిపితే ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ భూమి, రెండున్నర ఎకరాలు, అవ్వది. డెబ్బై ఆరేళ్ల ఆమెకు ఆ మాట చెప్పినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు.

కూతురి హక్కు ఈమధ్యే వచ్చిందనుకునేవాళ్లు ఇప్పటికీ ఎందరో. తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమాన వాటా 1956 నుంచే ఉంది. పిత్రార్జితంలో మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు హక్కు ఇచ్చింది. 2005 సవరణ దేశమంతటా కూతుళ్లందరికీ, పెళ్లయినా కాకున్నా, ఆ హక్కు ఇచ్చింది. ఆ సవరణ వచ్చేనాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్న పట్టింపు అక్కర్లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో తేల్చింది. ఇంత జరిగినా కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి పేర్లు రాసేటప్పుడు ఆడబిడ్డ దగ్గర కలం ఆగిపోతుంది.

మా ఇంట్లోనూ ఆగింది. దరఖాస్తు నింపుతుంటే నాన్నే అన్నాడు: "దానికి పెండ్లిలో పెట్టినాం కదప్పా, మళ్లా పేరెందుకు?" అవ్వ ఆ మాట విని, గోడకు ఆనుకున్న వీపు తీసి నిటారుగా కూర్చుంది. "నా బిడ్డ పేరు రాయకుంటే నేను యేలిముద్ర వెయ్యను" అంది. నాన్న మరి మాట్లాడలేదు. వాటా వద్దనుకుంటే మేనత్త వద్దనవచ్చు. అందుకు ఆమె స్వయంగా వచ్చి హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేయించాలి. ఆమెను అడక్కుండా పేరు కొట్టేయడం దొంగతనం. నాన్న మీద నాకెంత ప్రేమ ఉన్నా దానికి ఇంకో మాట దొరకదు.

పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకే చాలామంది ఆగిపోతారు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. తర్వాత కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు పెడితే వీఆర్వో విచారించాక తహసీల్దారు ఇస్తారు. దాంతో మ్యుటేషన్‌కు, అంటే రికార్డులో పేరు మార్పుకు, పెట్టుకోవాలి. వాటాలు తెగ్గొట్టుకోదలిస్తే ఇప్పుడు ఖర్చు భయం లేదు. వారసత్వ సాగుభూమి భాగపంపిణీ రిజిస్ట్రేషన్‌కు 10 లక్షల లోపు విలువైతే 100 రూపాయలు, దాటితే 1,000 చాలని రాష్ట్ర ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. మ్యుటేషన్ అయినంత మాత్రాన వన్‌బీలో పేరున్న ఒక్కడికే భూమంతా దక్కదు, మిగతా వారసుల హక్కు ఎక్కడికీ పోదు.

అవ్వ తన రెండున్నర ఎకరాలకు వీలునామా రాస్తానంటే, బెంగళూరులో ఉద్యోగం చేసే మా బంధువొకడు ఫోన్లో ఏదో చదివి, వీలునామాకు కోర్టులో ప్రొబేట్, అంటే ధ్రువీకరణ, తప్పనిసరి, ఏళ్లు పడుతుందని భయపెట్టాడు. ఆ నిర్బంధం చాలాకాలం ఉన్నది మద్రాసు, బొంబాయి నగరాలకు, పాత బెంగాల్ ప్రాంతానికి సంబంధించిన వీలునామాలకు. అనంతపురం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు కూడా మన పల్లె వీలునామాలకు అది లేదు. స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా ఐచ్ఛికమే, చేయిస్తే మంచిది. ఇద్దరు సాక్షులు మాత్రం ఉండి తీరాలి. మనవాళ్లు సాక్షులుగా తమ ఈడువాళ్లను, నమ్మకమైన ముసలి స్నేహితులను పిలుస్తారు. రేపు వీలునామా మీద తగాదా వస్తే కోర్టులో నిలబడి చెప్పాల్సింది ఆ సాక్షులే. అప్పటికి వాళ్లూ ఉండరు. ముప్పై నలభై ఏళ్లవాళ్లను పెట్టుకోండి.

చిన్నాయన బ్యాంకు పుస్తకం తిరగేస్తే మే నెలాఖరున 436 రూపాయలు కోసినట్టు ఒక గీత కనిపించింది. ఏదో చార్జీ అనుకుని చిన్నమ్మ పట్టించుకోలేదు. అది ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా ప్రీమియం. దాని కింద కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. ఆ గీత కంటపడకపోతే ఆ డబ్బు అడిగేవాళ్లే ఉండేవారు కాదు. మీ ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే, దయచేసి ఈరోజే వాళ్ల పాసు పుస్తకం తెరిచి 436 కోసం వెతకండి, 20 కోసం కూడా. 20 ప్రమాద బీమాది.

ఖాతాలో ఉన్న సొమ్ము కోసం చిన్నమ్మ ఒక బ్యాంకుకు నాలుగుసార్లు తిరిగింది. నామినీ లేరు కాబట్టి కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తెమ్మన్నారు. ఉన్నది లక్షా పదివేలు. రిజర్వ్ బ్యాంకు 2025లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం వారసుల మధ్య తగాదా లేకపోతే 15 లక్షల దాకా, సహకార బ్యాంకుల్లో 5 లక్షల దాకా, కోర్టు పత్రం అడగనక్కర్లేదు. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో తేల్చాలి. ఆ ఆదేశం ప్రింటు తీసి చిన్నమ్మ చేతికిచ్చి పంపాను. ఐదోసారి దరఖాస్తు తీసుకున్నారు. అంతకు మించిన మొత్తాలకు బ్యాంకు కోర్టు పత్రం అడగవచ్చు. చనిపోయినవారు నివసించిన చోటి కోర్టు ఇచ్చిన పత్రం దేశమంతటా చెల్లుతుంది కాబట్టి, సొమ్ము బెంగళూరులో ఉన్నా తుమకూరులో ఉన్నా అక్కడి కోర్టుల చుట్టూ తిరగనవసరం లేదు. ఇక ఖాతాకు నామినీ ఉన్నచోట నామినీదే సొమ్మంతా అనుకోవడం పొరపాటు. ఆ మనిషి డబ్బు అందుకుని వారసులకు అప్పజెప్పాలి.

చేను మీద వారసుల పేరు ఎక్కించుకోవడాన్ని సరిహద్దు అవతల పౌతి ఖాతె అంటారు. చనిపోయినవారి పేర్ల మీదున్న భూములను వారసులకు మార్చడానికి కర్ణాటక ప్రభుత్వం ఈ-పౌతి పేరుతో ఊళ్లకే వచ్చి పని చేస్తోంది. మన దగ్గరా రెవెన్యూ సిబ్బంది అలా ఊరూరా పెట్టెలు తెరిపించాలని నా కోరిక.

విచారణ రోజున మేనత్త శిరా బస్సు దిగి నేరుగా వచ్చింది, కొంగున ఆధార్ కార్డు ముడేసుకుని. వీఆర్వో పేర్లు చదువుతుంటే తన పేరు వచ్చేదాకా కదలకుండా నిలబడింది. చదివారు. సంతకం పెట్టింది. తర్వాత నాన్న వైపు తిరిగి, "అన్నా, నా రెండెకరాలు చింతచెట్టు పక్కకి వచ్చేట్ట చూడు" అంది.