ఆటల కంప్యూటరు కొనే ముందు

ఇల్లందు నుంచి ఒక తల్లి ఇలా రాశారు:

"మా వారు ఓపెన్‌కాస్టులో పనిచేస్తారు. అబ్బాయికి పదిహేడేళ్ళు, ఇంటర్ రెండో సంవత్సరం. పాత ల్యాప్‌టాప్‌లో వీడియో గేములు ఆడతాడు. గంటసేపు ఆడేసరికి తలనొప్పి, వికారం అంటున్నాడు. 'బొమ్మ ఆగి ఆగి వస్తోంది, అందుకే ఈ బాధ, మంచి గేమింగ్ కంప్యూటరు కొంటే పోతుంది' అని పట్టుబట్టాడు. లక్ష రూపాయల పైన అవుతుందట. నా కమ్మలు తాకట్టు పెట్టయినా కొనాలా? వాడు చెప్పేది నిజమేనా?"

అమ్మా, కమ్మలు ప్రస్తుతానికి చెవులకే ఉండనివ్వండి. మీ అబ్బాయి చెప్పిన దాంట్లో కొంత నిజం ఉంది, అయితే అది మొత్తం నిజం కాదు. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య ఎక్కువగా వస్తున్నాయి కనుక అందరికీ పనికొచ్చేలా వివరంగా రాస్తున్నాను.

బొమ్మ ఆగితే తల ఎందుకు తిరుగుతుంది?

తెర మీద కదిలే బొమ్మ నిజానికి కదలదు. నిలిచి ఉన్న బొమ్మలు ఒకదాని వెంట ఒకటి వేగంగా మారుతుంటే మన మెదడు వాటిని కదలికగా గ్రహిస్తుంది. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు వస్తాయి, అవి మనకు సరిపోతాయి. ఎందుకంటే సినిమాను మనం చూస్తాం గాని నడపం. వీడియో ఆటలో అలా కాదు. చెయ్యి మౌసును తిప్పగానే తెర తిరగాలి. సెకనుకు 60 బొమ్మలు వస్తే ఒక్కొక్క బొమ్మకు 17 మిల్లీసెకన్లు పడుతుంది. అదే 30 అయితే 33 మిల్లీసెకన్లు. చెయ్యి కదిలిన తరువాత బొమ్మ ఆలస్యంగా కదిలితే ఆటగాడికి చిరాకు, కొందరికి వికారం కలుగుతాయి.

దీనికి తోడు మరొక కారణం ఉంది. కళ్ళు "నేను పరుగెత్తుతున్నాను" అని మెదడుకు చెబుతాయి. మన శరీరం తూలకుండా చూసే లోపలి చెవి "లేదు, కుర్చీలో కూర్చున్నాను" అని చెబుతుంది. ఈ రెండు కబుర్లూ పొసగనప్పుడు బస్సు ప్రయాణంలో వచ్చినట్టే కడుపులో తిప్పుతుంది. బొమ్మ తడబడే కొద్దీ ఈ బాధ పెరుగుతుంది. ఒకసారి 90, మరోసారి 30గా ఊగిసలాడే యంత్రం కన్నా నిలకడగా 60 ఇచ్చే యంత్రం మేలు.

డబ్బు ఖర్చు లేని చికిత్స ముందు

జ్వరం వచ్చిన ప్రతివాడికీ ఇంజక్షను అక్కర్లేనట్టే, బొమ్మ ఆగిన ప్రతి ఇంట్లో కొత్త కంప్యూటరు అక్కర్లేదు. ముందు రోగం ఎక్కడుందో తెలుసుకోవాలి.

పిల్లలు "ల్యాగ్" అనే మాటను రెండు వేర్వేరు జబ్బులకు వాడతారు. ఒకటి యంత్రం నెమ్మదించడం. రెండోది ఇంటర్నెట్ నెమ్మదించడం. ఇంటర్నెట్ తీసేసి, ఒంటరిగా ఆడే ఆటను ఆడించి చూడండి. అప్పుడు కూడా బొమ్మ ఆగితే తప్పు యంత్రానిది. సాఫీగా సాగితే తప్పు నెట్‌ది. అటువంటప్పుడు లక్ష పెట్టి కొన్న కంప్యూటరులో కూడా ఆట అలాగే ఆగుతుంది. వైఫై బదులు తీగ కలిపి చూడడం చవకైన మందు.

యంత్రమే నెమ్మదిస్తే వేడిని అనుమానించండి. లోపలి చిప్పు మితిమీరి వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. 1889లో బొగ్గు తవ్వకం మొదలైన ఊరు మనది. ఎండాకాలం సంగతీ, దుమ్ము సంగతీ నేను చెప్పనక్కర్లేదు. ఆ దుమ్మునంతా ఫ్యాను లోపలికి పీల్చుకుంటుంది. కరెంటు తీసివేసి, ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయించండి. కరెంటు సరఫరా చేసే పెట్టెను మాత్రం ఇంట్లో విప్పకండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులో షాకు కొట్టేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి ఆడితే గాలి దారి మూసుకుపోతుంది. గట్టి బల్ల మీదే ఉంచాలి.

తరువాత ఆట సెట్టింగులలో నీడలు, ప్రతిబింబాలు తగ్గించండి. "మోషన్ బ్లర్", "కెమెరా షేక్" అనేవి తీసేయండి. ఈ రెంటితోనే చాలామందికి వికారం తగ్గుతుంది.

ఇక తలనొప్పి. దీనికి కంప్యూటరు కొట్టుకు వెళ్ళే ముందు కళ్ళ పరీక్షకు వెళ్ళాలి. ఈ వయసులో హ్రస్వదృష్టి రావడం, ఉన్న అద్దాల పవరు మారడం సాధారణం. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ పరీక్షకు ఖర్చు ఉండదు. నిద్ర చాలకపోయినా, భోజనం మానేసి ఆడినా తలనొప్పి వస్తుంది. పొద్దున్నే వచ్చే తలనొప్పి, వాంతులతో కూడిన తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే మాత్రం ఆటల మీదికి నెట్టేయకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.

కొనక తప్పదనుకుంటే

ఇవన్నీ చేసిన తరువాత కూడా కొనాలనుకుంటే, ముందు ఏ ఆటలు ఆడతాడో కాగితం మీద రాయించండి. ప్రతి ఆటకూ "కనీసం ఇంత, సిఫారసు ఇంత" అని తయారీదారులే ప్రకటిస్తారు. ఆ జాబితాను బట్టి యంత్రం ఉండాలి గాని, కొట్టువాడి మాటను బట్టి కాదు.

వాలొరాంట్, మైన్‌క్రాఫ్ట్ వంటి తేలిక ఆటలకు విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. బొమ్మలు గీసే భాగం ప్రాసెసరులోనే కలిసి ఉన్నవి దొరుకుతాయి. 2021లో వచ్చిన రైజెన్ 5 5600జి, 2024లో వచ్చిన 8600జి అలాంటివే. వీటికి మెమొరీ ముఖ్యం. 16 జీబీ ఒకే ముక్కగా కాకుండా 8 జీబీవి రెండు ముక్కలుగా వేయించండి. ధరలో పెద్ద తేడా ఉండదు గాని వేగంలో స్పష్టమైన తేడా కనిపిస్తుంది. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర "ఎఫ్" అక్షరం ఉంటే అందులో బొమ్మలు గీసే భాగం ఉండదు. దాన్ని విడి కార్డు లేకుండా కొంటే తెర వెలగదు.

పెద్ద ఆటలకు విడి కార్డు కావాలి. డబ్బులో పెద్ద వాటా కార్డుకే పోవాలి, ఖరీదైన ప్రాసెసరుకు కాదు. కొత్త ఆటల కోసమైతే 8 జీబీ మెమొరీ ఉన్న కార్డు తీసుకోవడం మంచిది. కరెంటు సరఫరా చేసే పెట్టె పేరున్న కంపెనీది తీసుకోండి. అక్కడ మిగిల్చిన డబ్బు తరువాత పది రెట్లు ఖర్చు పెట్టిస్తుంది. రంగురంగుల దీపాలు, అద్దాల పెట్టె ఆటకు ఏ విధంగానూ సాయపడవు. హార్డ్ డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ ఉండాలి. ఆట త్వరగా తెరుచుకుంటుంది, మీ అబ్బాయి చదువుకు కూడా పనికొస్తుంది.

తెర 24 అంగుళాలది చాలు. సెకనుకు 60 సార్లు మారే తెర మీద 200 బొమ్మలు గీసే యంత్రం పెడితే మిగతావి తెర మీదికి పూర్తిగా రానే రావు. రెండూ ఒకదానికొకటి సరిపోవాలి.

ఆఫీసులు తీసేసిన పాత డెస్క్‌టాప్‌లు చవకగా వస్తాయి. మంచిదే గాని, రెండు విషయాలు చూడండి. విండోస్ 10కు ఉచిత రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరం కన్నా పాత ప్రాసెసర్లకు విండోస్ 11 అధికారికంగా పనిచేయదు. రెండోది, సన్నని పెట్టెల్లో మామూలు గ్రాఫిక్స్ కార్డు పట్టదు.

ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా అంటే ఇంట్లోనే ఆడేవాడికి డెస్క్‌టాపే నా సలహా. అదే ధరకు ఎక్కువ శక్తి వస్తుంది, ఒక భాగం పాడైతే అది ఒక్కటే మార్చుకోవచ్చు. వైద్యుడిగా మరో కారణం కూడా చెబుతాను. ల్యాప్‌టాప్‌లో తెర, మీటలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చేతులకు అందేలా పెడితే మెడ వంగుతుంది, మెడకు సరిపోయేలా పెడితే చేతులు పైకి లేస్తాయి.

2025 చివరి నుంచి మెమొరీ చిప్పుల ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. కాబట్టి స్నేహితుడు రెండేళ్ళ కిందట కొన్న ధర పట్టుకుని బేరం చేయలేరు. ఖమ్మంలోనో, కొత్తగూడెంలోనో, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో కనీసం రెండు కొట్లలో ప్రతి భాగం ధరా విడివిడిగా రాయించుకోండి. బిల్లు, వారంటీ కాగితాలు జాగ్రత్త చేయండి. ఎర్తింగ్ సరిగా ఉన్న మూడు రంధ్రాల ప్లగ్గు, ఒక యూపీఎస్ తప్పనిసరి.

ఒక మెట్టు కింద మొదలుపెట్టండి. విడి కార్డు లేకుండా కొని, ఏడాది తరువాత అవసరమైతే చేర్చుకోవచ్చు. ముందే కొట్టువాడికి ఆ మాట చెప్పి, అందుకు తగిన పెట్టె, పవర్ సప్లై వేయించుకుంటే సరి. అప్పు చేసి ఆట వస్తువు కొంటే ప్రతి వాయిదా రోజూ ఇంట్లో గొడవే. ఆ గొడవల వల్ల వచ్చే తలనొప్పికి నా దగ్గర మాత్ర లేదు.

కుర్చీ, బల్ల, వెలుతురు

గేమింగ్ కుర్చీ అని వేలు పోయనవసరం లేదు. వీపు ఆనేలా గట్టి కుర్చీ, నడుము వెనక చిన్న దిండు, కాళ్ళు అందకపోతే కింద పీట. తెర చెయ్యి చాచినంత దూరంలో, దాని పై అంచు కళ్ళ ఎత్తులో ఉండాలి. చీకట్లో ఆడవద్దు. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్న వస్తువును ఇరవై సెకన్లు చూడాలి. ఆటలో మునిగినప్పుడు రెప్పవేయడం తగ్గి కళ్ళు పొడిబారతాయి. కావాలని రెప్పలు ఆర్పడం నేర్పండి. నీలికాంతిని ఆపే అద్దాల వల్ల కళ్ళ అలసట తగ్గుతుందనడానికి ఆధారం కనిపించలేదని 2023లో కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ డబ్బు మిగుల్చుకోండి.

చేతుల నొప్పి కొత్త జబ్బు కాదు. 1978లో జపాను నుంచి వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్ ఆట వల్ల కలిగిన మణికట్టు నొప్పిని 1981లోనే ఒక పెద్ద అమెరికా వైద్యపత్రిక ప్రచురించింది. 1990లో అదే పత్రికలో బొటనవేలి స్నాయువు వాపుకు "నింటెండినైటిస్" అని పేరు పెట్టారు. రెంటికీ ప్రధాన వైద్యం విశ్రాంతే. గంటకొకసారి లేచి అయిదు నిమిషాలు నడవాలి. రోజూ ఒక గంట ఒళ్ళు కదిలే ఆట ఆరుబయట ఉండాలి. ఆరుబయట వెలుతురు హ్రస్వదృష్టిని అడ్డుకుంటుంది.

ఆటా, జబ్బా?

ఆడే ప్రతి కుర్రవాడూ రోగి కాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చిన రోగాల వర్గీకరణలో "గేమింగ్ డిజార్డర్" ఉంది. దానికి మూడు లక్షణాలు చెప్పారు. ఆటను అదుపు చేసుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముఖ్యమవడం, చెడు జరుగుతున్నా మానలేకపోవడం. ఇవి చదువునూ, ఇంటినీ దెబ్బతీస్తూ సాధారణంగా ఏడాది పాటు కనిపిస్తే జబ్బు అంటాం. అలా అనిపిస్తే తిట్టవద్దు, యంత్రం పగలగొట్టవద్దు. 14416 నంబరుకు ఫోను చేయండి. అది టెలిమానస్, ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సేవ, తెలుగులో మాట్లాడతారు.

కొనే రోజునే నియమాలు పెట్టండి. కొన్న తరువాత పెట్టిన నియమం శిక్షలా కనిపిస్తుంది. కంప్యూటరు ముందు గదిలో ఉండాలి. ఈ వయసువారికి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి కనుక, రాత్రి పదికి మీట ఆగిపోవాలి. మీ వారు నైట్ షిఫ్టు చేసి పగలు పడుకున్నప్పుడు కేకలు ఉండకూడదు. ఈ నియమాలను మీరు చెప్పడం కన్నా మీ అబ్బాయి చేతే రాయించి గోడకు అంటించండి. తన చేత్తో రాసుకున్న మాటను పిల్లలు తేలిగ్గా దాటరు.

పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా బాబుకు చిన్నప్పుడు ఫిట్స్ వచ్చాయి. వీడియో గేములు ఆడనివ్వవచ్చా?

జవాబు: ముందు నరాల డాక్టరును అడగండి. ఫిట్స్ ఉన్నవారిలో కొద్దిమందికే మెరుపుల వెలుతురు పడదు. 1997 డిసెంబరు 16న జపానులో పోకెమాన్ టీవీ కార్యక్రమంలో ఎరుపు, నీలం మెరుపులు చూసి ఆరు వందలకు పైగా పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. అనుమతి ఉంటే వెలుగున్న గదిలో, తెరకు దూరంగా, నిద్ర చాలినప్పుడు మాత్రమే ఆడనివ్వండి.

ప్రశ్న: మా తమ్ముడు గేములని చెప్పి ఫోనులో డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నాడు. ఇదీ గేమింగేనా?

జవాబు: కాదు, అది జూదం. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ వర్తించే చట్టం తెచ్చింది. జూదం వ్యసనమైతే వైద్యం ఉంది. అప్పులు దాస్తున్నా, చావు మాటలు మాట్లాడుతున్నా అతన్ని ఒంటరిగా వదలకండి. 14416కు ఫోను చేయించి, ఆసుపత్రికి మీరే వెంట తీసుకురండి.