అసంబద్ధ నాటకాలు – మన కళాశాల వేదిక

ఈ సంవత్సరం వార్షికోత్సవంలో ప్రదర్శించవలసిన నాటకాలను గురించి మన విద్యార్థి నాటక సమితి వారు ఒక ప్రతిపాదన చేశారు. ఒకే సాయంకాలం రెండు చిన్న నాటకాలు ఆడాలని వారి కోరిక. మొదటిది "బట్టతల గాయని", రెండవది "పాఠం". రెండింటికీ కర్త రుమేనియాలో జన్మించి ఫ్రెంచి భాషలో రచనలు చేసిన యూజీన్ అయొనెస్కో. ఒకదానిని తెలుగులోను, మరొకదానిని ఉర్దూలోను ప్రదర్శించాలని వారి సంకల్పం. ప్రతిపాదన విన్న పెద్దలలో ఒకరు, "ఈ నాటకం చూసి ఇంటికి వెళ్ళే పిల్లవాడు ఏ నీతిని వెంట తీసుకొని వెళతాడు?" అని ప్రశ్నించారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కళాశాల వేదిక కేవలం కాలక్షేపానికి ఏర్పడినది కాదు. నాకు తోచిన సమాధానాన్ని విజ్ఞులైన పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసోద్దేశం.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత ఐరోపాలో ఒక కొత్త తరహా నాటకం పుట్టింది. అందులో కథ ముందుకు సాగదు. పాత్రలు మాట్లాడే మాటలకు పొంతన ఉండదు. చివరకు సమస్య పరిష్కారం కాదు. మార్టిన్ ఎస్లిన్ అనే విమర్శకుడు 1961లో ప్రకటించిన గ్రంథంతో ఈ ధోరణికి "అసంబద్ధ నాటకం" అనే పేరు స్థిరపడింది. ఈ పేరు విని, ఇది తలా తోకా లేని వ్యవహారమని పలువురు తలపోస్తారు. కాని అసంబద్ధత నాటకకర్త బుద్ధిలో ఉన్నది కాదు. ఆయన చూసిన జీవితంలో ఉన్నది. ఈ భేదాన్ని గుర్తించకపోతే ఈ నాటకాలకు న్యాయం చేయలేము.

"బట్టతల గాయని" పుట్టుక భాషోపాధ్యాయులమైన మాకు ప్రత్యేకించి ఆసక్తికరమైనది. అయొనెస్కో 1948 ప్రాంతంలో ఇంగ్లీషు నేర్చుకోదలచి ఒక స్వబోధినిని చేపట్టాడు. అందులోని వాక్యాలను శ్రద్ధగా ఎత్తి రాసుకొన్నాడు. వారానికి ఏడు రోజులని, నేల కింద ఉంటుందని, పైకప్పు పైన ఉంటుందని ఆ పుస్తకం ఆయనకు బోధించింది! ఆ వాక్యాలే నాటకానికి బీజమయ్యాయి. స్మిత్ దంపతులు, మార్టిన్ దంపతులు ఒక గదిలో కూర్చొని వాచకంలోని వాక్యాల వంటి మాటలనే మాట్లాడుకొంటారు. మార్టిన్ దంపతులు తాము ఒకే రైలులో వచ్చామని, ఒకే వీధిలో, ఒకే ఇంట్లో ఉంటున్నామని తర్కించి, తర్కించి, చివరకు తాము భార్యాభర్తలమని కనుగొంటారు. తరువాత మాటలు ముక్కలై, అక్షరాలై, అరుపులై పోతాయి. ఈ నాటకం 1950 మే నెలలో పారిస్‌లో మొదట ప్రదర్శితమైనప్పుడు ప్రేక్షకులు పలుచగానే వచ్చారు. కాని 1957 నుండి అదే నగరంలో లా యుషెత్ అనే చిన్న నాటకశాలలో "బట్టతల గాయని", "పాఠం" జంటగా ఆడుతూనే ఉన్నాయి. వంద మంది కూడా పట్టని ఆ శాలలో, మహమ్మారి కాలాన్ని మినహాయిస్తే, ఈ జంట ప్రదర్శన ఎడతెగక సాగుతున్నది. మన విద్యార్థులు కోరినది ఆ జంటనే.

ఇది మనకు పరాయి వస్తువని అనేవారికి మన పొరుగున ఉన్న విజయనగరాన్ని గుర్తు చేయవలసి ఉన్నది. "కన్యాశుల్కం" మొదట 1892లో అక్కడనే ప్రదర్శితమైనది. నేడు మనం చదివే రూపం 1909 నాటిది. అందులో వెంకటేశం తల్లి కొడుకు ఇంగ్లీషు వినాలని ముచ్చటపడగా, గురుశిష్యులిద్దరూ ఏమి చేశారు? ఒకరు పసిపిల్లల పద్యం చదివితే, మరొకరు వాచకంలోని వాక్యం అప్పగించారు. అటుపై రేఖాగణిత సిద్ధాంతం కూడా సంభాషణగా చెలామణి అయింది. వినేవారికి అది విద్య, మాట్లాడేవారికి అది అభినయం, ప్రేక్షకునికి నవ్వు. ఆ నవ్వు వెనుక ఎంత నిష్ఠురమైన సత్యమున్నదో చెప్పనక్కరలేదు. అయొనెస్కో వాచకం తెరవడానికి సుమారు నలభై సంవత్సరాల ముందే గురజాడ ఆ వాచకాన్ని వేదిక ఎక్కించాడు. ఉర్దూ సాహిత్యంలో సాదత్ హసన్ మంటో 1955లో ప్రకటితమైన "టోబా టేక్ సింగ్" కథలో, దేశ విభజన నాటి పిచ్చాసుపత్రి వాసి నోట అర్థం లేని మాటలు పలికించాడు. దేశాన్ని పంచిన పెద్దల మాటల కన్న ఆ పిచ్చివాని మాటలే అర్థవంతంగా తోచడం ఆ కథలోని విషాదం. కనుక ఈ రీతి మన రెండు భాషలకూ కొత్తది కాదు.

ఇక "పాఠం". నా దృష్టిలో మన కళాశాలకు అత్యవసరమైనది ఇదే. ఒక వృద్ధ ఆచార్యుని ఇంటికి ఉత్సాహవతి అయిన బాలిక చదువు కోసం వస్తుంది. ఆమెకు కూడిక వచ్చును, తీసివేత రాదు. అయినా కోట్ల సంఖ్యలను క్షణంలో గుణించి చెప్పగలదు. ఎట్లా? లెక్క తెలిసి కాదు. సాధ్యమైన గుణకారాల ఫలితాలన్నిటినీ ఆమె కంఠస్థం చేసింది! ఈ ఘట్టానికి ప్రేక్షకులు నవ్వుతారు. పరీక్షకు ముందు వారం రోజులు గైడ్లతో గడిపే మన విద్యార్థులు, ఆ గైడ్లలోని వాక్యాలకే మార్కులు వేసే మేము, ఆ నవ్వులో పాలు పంచుకోగలమా?

పాఠం సాగే కొద్దీ ఆచార్యుని గొంతు పెరుగుతుంది. బాలిక గొంతు తగ్గుతుంది. ఆమె పంటినొప్పి అని మొరపెట్టుకొంటుంది, ఆయన వినడు. భాషలన్నీ ఒక్కటేనని, అయినా వేరని ఆయన వాదిస్తాడు. కత్తి అనే మాటను మళ్ళీ మళ్ళీ పలికిస్తాడు. చివరకు ఆ మాటే కత్తి అవుతుంది. పనిమనిషి వచ్చి, ఆ రోజుకు ఇది నలభయ్యవ మరణమని చెబుతుంది. అంతలో తలుపు గంట మోగుతుంది. మరొక విద్యార్థిని లోపలికి వస్తుంది.

ఇది అతిశయోక్తి అని కొట్టివేయవచ్చు. కాని మన రాష్ట్రంలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన మరునాటి పత్రికలను చూడండి. ఏయే ఇండ్లలో ఏ పిల్లలు ప్రాణాలు తీసుకొన్నారో చదివి, నిట్టూర్చి, మరుసటి సంవత్సరపు ప్రవేశాల ప్రకటనకు పేజీ తిప్పుతాము. తలుపు గంట మళ్ళీ మోగుతుంది. ఆ పిల్లల పంటినొప్పిని విననివారు ఎవరు? నేను బోధకుడను; ఈ ప్రశ్న నుండి నన్ను నేను మినహాయించుకోలేను. తరగతిలో వెనుక బల్ల మీద కూర్చున్నవాడు "అర్థం కాలేదండీ" అన్నప్పుడు, "రాసుకో, తరువాత అర్థమవుతుంది" అని నేనెన్ని మార్లు అన్నానో నాకు తెలుసు.

కంఠస్థం చేయడాన్ని నేను నిందించడం లేదు. వేమన పద్యమో, గాలిబ్ షేరో నోటికి వచ్చినవాడు అదృష్టవంతుడు. అర్థం తెలిసి ధారణ చేసిన మాట మనిషికి తోడవుతుంది. అర్థం తెలియకుండా అప్పగించిన మాట మాత్రం మనిషినే మింగుతుంది. ఈ రెండు నాటకాల నీతి ఇదే. కాకపోతే చివరి రంగంలో ఒక పాత్ర ముందుకు వచ్చి దానిని చెప్పదు. చూసినవాడు తనంతట తాను చెప్పుకోవాలి. అది లోపం కాదు, గౌరవం.

విద్యార్థులకు ఇది అర్థం కాదన్న సందేహానికి ఒక దృష్టాంతం చాలును. ఈ కోవకే చెందిన శామ్యూల్ బెకెట్ నాటకం "గోడో కోసం నిరీక్షణ"ను 1957లో అమెరికాలోని శాన్ క్వెంటిన్ కారాగారంలో సుమారు 1,400 మంది ఖైదీల ముందు ప్రదర్శించారు. పండితులు తలలు పట్టుకొన్న ఆ నాటకాన్ని ఆ ఖైదీలు సులభంగా గ్రహించారు. నిరీక్షణ అంటే ఏమిటో వారికి ఒకరు చెప్పవలసిన పని లేకపోయింది. పాఠం అంటే ఏమిటో మన విద్యార్థులకు మాత్రం చెప్పాలా?

వ్యయం విషయంలో కూడా భయపడవలసినది లేదు. రెండు నాటకాలకూ కలిపి తొమ్మిది పాత్రలు, ఒక బల్ల, కొన్ని కుర్చీలు. విద్యార్థినులకు అయిదు పాత్రలుండడం మరొక మేలు. మన వార్షికోత్సవ నాటకాలలో వారికి ఇంతటి అవకాశం అరుదు. వేదిక మీద కత్తి ఉండడం తగదని సంశయించేవారికి, ఆ కత్తి కంటికి కనిపించనిది కూడా కావచ్చునని నాటకకర్తే సూచించిన సంగతి మనవి చేస్తున్నాను. మాట ఒక్కటి చాలును.

రెండు భాషలలో ఆడాలన్న ఆలోచన నాకు అన్నిటికన్న నచ్చింది. గాజువాక నుండి ఒకే బస్సులో వచ్చి, ఒకే గేటు దాటి, మూడేళ్ళు ఒకే వరండాలో తిరిగి, ఒకరి పేరొకరు తెలియని ఉర్దూ, తెలుగు విద్యార్థులు మన కళాశాలలో లేరా? మార్టిన్ దంపతులను చూసి నవ్వే హక్కు మనకెక్కడిది? తెలుగువాడు చాకు అంటాడు. ఉర్దూవాడు చాఖూ అంటాడు. మాట ఒక్కటే, ఉర్దూ నుండి మన ఇండ్లలోకి వచ్చినది. నా సూచన ఒక్కటి: తెలుగు విభాగం వారు ఉర్దూ నాటకంలో, ఉర్దూ విభాగం వారు తెలుగు నాటకంలో కొన్ని పాత్రలైనా ధరించాలి. ఉచ్చారణ తప్పుతుంది. తప్పనివ్వండి. అప్పగించడానికి కాక, ఎదుటివానికి వినిపించడానికి నేర్చుకొన్న భాష అదే అవుతుంది.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. ఈ నాటకాలు ఆడడం తేలిక అనుకోవద్దు. పొంతన లేని సంభాషణను జ్ఞాపకం ఉంచుకోవడం కష్టం. దానిని వెకిలి చేష్టలతో నింపితే ప్రేక్షకుడు నవ్వుతాడు గాని ఆలోచించడు. పారిస్‌లో ఆడినది కనుక ఆడుతున్నామంటే, అది కూడా ఒక అప్పగింతే అవుతుంది.

కార్యవర్గ పెద్దలకు నా విన్నపం. ఒక సాయంకాలం సభాభవనాన్ని ఈ పిల్లలకు ఇప్పించండి. మొదటి వరుసలో అధ్యాపకులమందరం కూర్చుంటాము. ప్రదర్శన ముగిసిన తరువాత అరగంట సేపు విద్యార్థులు అడుగుతారు, మేము వింటాము. ఆ అరగంట సక్రమంగా జరిగితే, నీతి ఏమిటని అడిగిన పెద్దలకు సమాధానం ఆ సభాభవనంలోనే లభిస్తుందని నా విశ్వాసం.