పాత ఫోను – పసివాడి స్థౌల్యము

“ఫోను చూపితే గాని మా వాడు ముద్ద ముట్టడండీ, డాక్టరుగారూ!” బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల తల్లులు ఈ మధ్య తరచుగా చెప్పే మాట ఇది. ఆ ఫోను ఎక్కడిదని విచారిస్తే, తండ్రి కొత్తది కొనుక్కొని పాతది పిల్లవాడికి ఇచ్చినట్లు తెలుస్తుంది. వస్తువును పారవేయక తిరిగి వాడుకొనడం సద్గుణమే. ఇంటి కుడితిని గేదెకు, గేదె పేడను పొలానికి చేర్చిన రైతుల సంతతి మనది. కాని పాత ఫోనుకు పసివాడి చేతిని ఆఖరి మజిలీ చేయడం పొదుపు కాదు. పిల్లలలో పెరుగుతున్న స్థౌల్యానికి ఈ అలవాటు ద్వారం తెరుస్తున్నదని నా నిశ్చితాభిప్రాయము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో 5 నుండి 19 ఏండ్ల వారిలో 39 కోట్ల మందికి పైగా అధిక బరువుతో ఉన్నారు. వారిలో 16 కోట్ల మంది స్థూలకాయులు. మన దేశంలో అయిదేండ్లలోపు పిల్లలలో అధిక బరువు గలవారు 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 2.1 కాగా, 2019-21 సర్వే నాటికి 3.4 అయినారు. సంఖ్య చిన్నదే గాని పెరుగుదల ఉపేక్షించదగినది కాదు. బొద్దుగా ఉన్న బిడ్డకు దిష్టి తీసి మురిసిపోతే చాలదు.

శాస్త్రం చెప్పిన కారణాలు

చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో స్థౌల్యానికి హేతువులు స్పష్టంగా ఉన్నవి. అతిగా భుజించడం, గురు మధుర శీత స్నిగ్ధ పదార్థాలు, వ్యాయామం లేకపోవడం, పగటి నిద్ర, బీజదోషం వానిలో ముఖ్యమైనవి. పెరిగిన మేదస్సు స్రోతస్సులను అడ్డగిస్తుంది. డెల్టాలో మురుగు కాలువ పూడితే చేను ముంపుకు గురియైనట్లే, తక్కిన ధాతువులకు పోషణ అందక మేదస్సొక్కటే పెరుగుతుంది. కోష్ఠంలో నిలిచిన వాయువు జఠరాగ్నిని రగిలిస్తుంది. అందుచేతనే లావైన పిల్లవాడు తిన్న గంటకే మరల ఆకలి అంటాడు. దానిని తిండిపోతుతనమని పరిహసించడం అవివేకము.

ఆహారంపై మనసు నిలిపి భుజించాలని కూడా చరకుడు విధించాడు. దృష్టి ఫోనులో ఉన్నవాడికి తృప్తి తెలియదు. తల్లి పెట్టినంతా మింగుతాడు. తిన్నది జీర్ణం కాకముందే మరల తినడాన్ని అధ్యశనం అంటారు. ఫోను, చిప్స్ పొట్లం కలిసి చేసే పని ఇదే.

మన డెల్టా ఆహారం స్వభావంచేతనే బృంహణము. వరి కోసిన చేలలో పండిన మినుములతో సున్నుండలు, బందరు తొక్కుడు లడ్డు, పెరుగు, నెయ్యి ఇవన్నీ బలకరాలే. కబడ్డీ ఆడి, కాలువలో ఈది, మైళ్ళ దూరం నడిచి బడికి పోయిన పిల్లలకు అవి ఒంటబట్టినవి. బడి, ట్యూషను, మంచం తప్ప వేరెరుగని పిల్లవాడికి అవే మేదస్సుగా మారుతున్నవి. ఉలవలు మేదోహరమని శాస్త్రం చెప్పినది. మనము ఉలవచారుపై మీగడ దండిగా వేసి ఆ గుణాన్ని చెరుపుతున్నాము! ఇక బేకరీ పఫ్, కూల్‌డ్రింకు సంగతి చెప్పనక్కరలేదు. కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా గల పదార్థాలను బడిలోను, బడి గేటుకు 50 మీటర్ల లోపలను అమ్మరాదని 2020లో నియమం వచ్చినది. మన వంటింటి అలమరకు ఆ నియమం వర్తించదు. అక్కడ కాపలా మనదే.

చదువు మాటేమిటి?

ఫోనులో పాఠాలున్నవి కదా అని కొందరు అడుగుతారు. నిజమే, 2020లో బడులు మూతపడినప్పుడు ఫోనే బడి అయినది. పాఠానికి ఫోను వద్దని నేననను. అది ఇంటి ఉమ్మడి వస్తువుగా ఉండాలి; పాఠం కాగానే పెద్దల దగ్గరకు చేరాలి. రెండు నుండి నాలుగేండ్ల పిల్లలకు తెర ముందు కూర్చొనే కాలం రోజుకు గంట మించరాదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. అయిదు దాటిన వారికి సగటున రోజుకు గంటసేపు ఒళ్ళు అలిసే ఆట కావాలని 2020లో చెప్పినది.

పాత ఫోను పని చేస్తుంటే ఇంట్లో అవసరమున్న పెద్దవారికి ఇవ్వండి. చెడిపోతే చెత్తబుట్టలో వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం వాటి పునశ్శుద్ధి బాధ్యత తయారీదారులది. తయారీ సంస్థ సేకరణ కేంద్రానికి గాని, నమోదైన పునశ్శుద్ధి కేంద్రానికి గాని చేర్చితే, లోపలి లోహాలు తిరిగి పనికి వస్తాయి. చక్రం ఆ విధంగా తిరగాలి గాని పసివాడి మీదుగా కాదు.

ఆచరించదగిన పథ్యము

1. ఉదయం పెసరట్టు గాని, కొర్ర లేక సామ అన్నం గాని వారానికి నాలుగు రోజులు పెట్టండి. మీగడ లేని ఉలవచారు మంచిది.

2. కూల్‌డ్రింకుకు బదులు వెన్న తీసిన పలుచని మజ్జిగ, చక్కెర లేని బార్లీ నీరు ఇవ్వండి.

3. సున్నుండ, లడ్డు మానిపించనక్కరలేదు. ఆడిన రోజున ఒకటి చాలు.

4. రాత్రి భోజనం ఎనిమిదింటి లోపల ముగించండి. రాత్రి పెరుగు వద్దు.

5. వారానికి రెండుసార్లు పెసరపిండితో పొడి నలుగు పెట్టండి.

6. సాయంకాలం నుదుట చెమట పట్టేవరకు ఆడనివ్వండి.

ఎదిగే బిడ్డను పస్తు పెట్టరాదు. బరువు తగ్గించే గుళికలు, చూర్ణాలు సొంతంగా వాడరాదు. బీజదోషం చేతను, థైరాయిడ్ వంటి వ్యాధుల చేతను వచ్చే స్థౌల్యం వేరు; బరువు పెరుగుతూ ఎత్తు పెరగని బిడ్డకు వైద్యపరీక్ష తప్పనిసరి.

ఈ పథ్యాలన్నిటికంటె ముందుది మరొకటి కలదు. భోజన సమయంలో తల్లిదండ్రులు తమ ఫోనులను పక్క గదిలో ఉంచాలి. పిల్లలు మన మాట వినకపోవచ్చును గాని, మన నడతను మాత్రం తప్పక నేర్చుకుంటారు.